పాతరలో కుళ్ళిన ధాన్యం

అత్తయ్యా,

ఇది మీరు చదవరు. ఈ ఇంట్లో నేను తప్ప చదివేవాళ్ళూ లేరు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇవాళ మీ సంవత్సరీకమని బావగారు పెరట్లో నేలలో తవ్విన ధాన్యం పాతర తెరిపించారు. మూత తీయగానే కంపు. మా ఏడాది తిండి మొలకలెత్తి, నల్లగా ముద్దకట్టి ఉంది. మీ పిండానికి పక్కింటివాళ్ళు బియ్యమిచ్చారు.

కాలవ వచ్చాక నేలలో చెమ్మ ఊరుతోందని, ధాన్యం గాదెలోనే పోయాలని మీరెంత మొత్తుకున్నారు! మీరు పోగానే బావగారు మళ్ళీ పాతరలోనే పోయించారు. పైగా దాని పక్కనుంచే చేలోకి నీళ్ళు పారే బోదె తవ్వించారు. "తాతల నాటి పాతర, దానికేమవుద్ది?" అన్నారు. ఇవాళేమో, "ఆడాళ్ళెవరో మైలతో తొక్కుంటారు" అన్నారు. మీ చిన్నకొడుకు, మా ఆయన, తల దించుకుని మూత మళ్ళీ వేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మెరక మీద పండించి మీరు అటకెక్కించిన చోళ్ళే, ఆ రాగులే, విసిరి అంబలి కాచాను. అది కూలివాళ్ళ తిండని మిమ్మల్ని ఎగతాళి చేసిన బావగారే మళ్ళీ గిన్నె చాపారు. పోశాను.

ఇంకా చాపారు. నేనెప్పటిలా తలుపు చాటుకి వెళ్ళలేదు. ఎదురుగా నిలబడి చెప్పాను:

"మిగిలిన చోళ్ళు విత్తనాలకండి. మీ పాతర పూడ్చేసి, దాని మీదే నారు పోస్తాను."