మలుపులో పరిచిన ఉలవ కట్టె

చిరంజీవి ఓబుళేశుకు అమ్మ ఈరక్క దీవెనలు. ఇక్కడ నేనూ నా పాడి ఎనుమూ బాగున్నాము. కడపలో నువ్వూ, కోడలు కృష్ణవేణమ్మా, పాప లక్ష్మీప్రియా బాగుండాలి. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నేను రెండు మాటలు అనేలోగా నువ్వు నాలుగు మాటలు అడ్డం వేస్తావు. కాగితానికి అడ్డం వేయలేవు. పైగా ముందు కాగితం పంపింది నువ్వే.

రాస్తున్నది రసూల్ సాహెబ్ కోడలు నఫీసా. నీ కాగితం నాకు చదివి వినిపించిందీ ఆమే. మన వీధిలో తప్పు లేకుండా తెలుగు రాసేది ఆమె ఒక్కతే, అది నీకూ తెలుసు. నేను చెప్పేదాన్ని కాస్త సాపు చేసి రాస్తానంది. సరే అన్నాను. తిట్లు మాత్రం తగ్గించొద్దన్నాను.

నువ్వు మూడు సంగతులు అడిగావు. నా మోకాలు ఎలా ఉందని ఒకటి. మీ సైకిళ్ళ వాళ్ళకు మన రోడ్డు ఇంకా అలాగే ఖాళీగా ఉందా అని రెండు. మొన్నటి ఆదివారం కాక ముందు ఆదివారం, మిట్ట దిగే మలుపులో ఉలవ కట్టె పరిచి, మీ క్రాంతి కుమార్ సైకిలు మీద నుంచి జారిపడి భుజం ఎముక విరగడానికి కారణమైంది రసూల్ సాహెబేనని, నేను కళ్ళారా చూశానని, టైపు కొట్టిన కాగితం మీద వేలిముద్ర వేసి పంపమన్నది మూడు. నేను రోజూ ఆ చేల వైపు పోతాను కాబట్టి నా సాక్ష్యం చెల్లుతుందన్నావు. సోమవారం రసూల్‌ను పోలీసు స్టేషనుకు రమ్మన్నారని, అంతలోపల కాగితం చేరాలని కింద గీత కూడా గీశావు.

మోకాలు మునుపటిలాగే ఉంది. నువ్వు పంపిన మందు వాసనకు ఎనుము కూడా దూరం జరుగుతోంది. అయినా పూస్తున్నాను.

రోడ్డు ఖాళీగానే ఉంది నాయనా. ఎందుకు ఉండదు? పెద్ద రోడ్డు పడ్డాక మైదుకూరు బస్సు అటు తిరిగింది, లారీలూ అటే తిరిగాయి. ఒంట్లో బాగాలేకపోతే దాసన్న పాలబండిలో క్యాన్ల మధ్య కూర్చుని పోవాలి. జీవమ్మ కోడలు నొప్పులు పడుతూ అలాగే పోయింది. ప్రశాంతమైన రోడ్డు, పైకీ కిందికీ ఊయల ఊగినట్టు ఉంటుంది, రెండు పక్కలా గుట్టలు, అడ్డమొచ్చే బండి ఒక్కటి లేదు అని మీ వాళ్ళకు గొప్పగా చెప్పి తీసుకొచ్చానని రాశావు. మాకు బస్సు లేకపోవడం నీకు ప్రశాంతమా?

మీ ఆదివారాల సంబరం కూడా చూశాను. సైకిళ్ళను కార్ల నెత్తిన కట్టుకొని మైదుకూరు దాకా వస్తారు. అక్కడ కార్లు దిగి సైకిళ్ళెక్కుతారు. చక్కెర జబ్బుకు డాక్టరు తొక్కమన్నాడు, తొక్కు, నేను కాదనను. దానికి ఆ నిక్కరెందుకు? నిన్ను కన్నదాన్ని, నేనే తల తిప్పుకోవలసి వచ్చింది. కొళాయి దగ్గర సుబ్బలక్ష్మమ్మ అడిగింది, “మీ ఓబుళేశుకు గుడ్డ సాల్లేదా అక్కా” అని. ఏమని చెప్పేది? రంగు నీళ్ళు తాగి, ఏవో తీపి ముక్కలు తిని, ఆ పొట్లాలు మా గట్ల మీద పారేసి పోతారు. ఒక పొట్లాన్ని నా ఎనుము నోట్లో వేళ్ళు పెట్టి లాగాను. మీ సంఘానికి పెద్ద క్రాంతి కుమార్‌కు మంగంపేటలో ముగ్గురాయి తోలే లారీలు ఉన్నాయని నువ్వే చెప్పావు. లారీలు తిప్పి ఆ పక్క రోడ్లన్నీ గుంతలు చేసి, లారీలు లేని రోడ్డు వెతుక్కుంటూ మా మీద పడ్డాడు. రోత.

ఇక మూడోది. ఆ కాగితం మీద నేను వేలిముద్ర వేయను.

ఉలవ కట్టె రోడ్డు మీద ఎందుకు పరుస్తారో నీకు చెప్పవలసి రావడమే సిగ్గు. నువ్వు దాని మీద పొర్లి పెరిగినవాడివి. కల్లాలు పోయాయి, ఎద్దులు పోయాయి, ఎకరా పంటకు మిషను వాడు రాడు. కాయలతో సహా కోసిన కట్టెను ఎండబెట్టి రోడ్డు మీద పరిస్తే, వచ్చే పోయే బస్సూ లారీ తొక్కి కాయ పగలగొట్టేవి. సాయంత్రానికి కట్టె దులిపి గింజలు ఊడ్చుకునేవాళ్ళం. ఇప్పుడు రోడ్డుంది, తొక్కే చక్రాలు లేవు. రెండు రోజులు పరిచినా దాసన్న బండి తప్ప దాని మీద ఏదీ పోదు. మీకు బండ్లు లేని రోడ్డు కావాలి, మాకు బండ్లు తిరిగే రోడ్డు కావాలి.

ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను విను. క్రాంతి కుమార్ పడ్డాడు. రసూల్ సాహెబ్ తన చేలోంచి పరుగెత్తుకొచ్చి, పడినవాణ్ణి లేపి, తన తువ్వాలుతో చెయ్యిని మెడకు కట్టాడు. వెనక వస్తున్నవాళ్ళు కూడా పడకూడదని పంగలకర్రతో కట్టెను పక్కకు లాగుతున్నాడు. అప్పుడు నువ్వొచ్చి దిగావు. పక్క చేను ఆయనది, చేతిలో పంగలకర్ర ఉంది, నీకు అంతే చాలింది. “ఏమప్పా సాయిబూ, రోడ్డు మీ నాయన ఏసినాడా?” అన్నావు. చిన్నప్పుడు నిన్ను భుజాన ఎక్కించుకొని ఉరుసుకు తీసుకుపోయిన మనిషిని అన్నావు. ఆయన నీ మొహం వంక చూసి, “ఎత్తేస్తాండాలే నాయనా” అన్నాడు. దాన్నే నేరం ఒప్పుకున్నట్టు టైపు కొట్టించావు.

ఇక్కడిదాకా నఫీసా చకచకా రాసింది. తర్వాతి ముక్క విని కలం కింద పెట్టేసింది. నేనే దాన్ని తీసి మళ్ళీ ఆమె చేతికిచ్చాను.

ఆ ఉలవ కట్టె నాది ఓబుళేశూ. పరిచింది నేను. మన ఉలవలు ఇంకా కోయలేదని ఫోనులో నీకు అబద్ధం చెప్పాను.

నాలుగు ఆదివారాలు మిమ్మల్ని చూశాను. ముప్పై మంది, అరవై చక్రాలు. మిట్ట మీద నుంచి వదిలిపెడితే మలుపు దగ్గరికి గాలిలాగా వస్తారు. బస్సు చేసే పని ఇన్ని సైకిళ్ళు చేయలేవా అనుకున్నాను. మీ టైర్లు వేలెడు లావు కూడా లేవని, వాటి కింద ఉలవగింజ జారుతుందని నాకు తట్టలేదు. పొద్దున్నే మోసుకుపోయి, మీరు ఎక్కువ వేగంగా వచ్చే చోటే చూసి పరిచాను.

అంతవరకు నా తెలివితక్కువ. తర్వాతది తెలివితక్కువ కాదు. మీరు మిట్ట మీద కనబడగానే రసూల్ చేలోంచి నాకు కేకేశాడు. “సెయ్యెత్తి ఆపక్కా, పడతారు వాళ్ళు” అన్నాడు. నాకు బాగా వినబడింది. ఆపితే మీరు దిగి సైకిళ్ళు నడిపించుకొని పోతారు, కాయ పగలదు. అందుకని చెయ్యి ఎత్తలేదు. కంప చాటుకు పోయి నిలబడ్డాను. క్రాంతి కుమార్ పడిన చప్పుడు విన్నాను. నువ్వు రసూల్‌ను అన్న మాటా విన్నాను. నా కొడుకు ముందర, ఆ నిక్కర్ల వాళ్ళ ముందర, దొంగలాగా బయటికి రావడానికి మనసొప్పక అక్కడే ఉండిపోయాను. మీరు పోయాక రసూల్ కట్టెనంతా మోసుకొచ్చి నా గడప ముందర దించాడు. “నీ కొడుకు ముందర నిన్ను ఎట్ల పట్టిచ్చేదక్కా, పోనీలే” అన్నాడు.

పదకొండు రోజులు పోనిచ్చాను. రోజూ నిన్ను తిట్టుకున్నాను, నీ నిక్కరును తిట్టుకున్నాను, క్రాంతి కుమార్ లారీలను తిట్టుకున్నాను. మిమ్మల్ని తిడుతున్నంతసేపూ నా వంక నేను చూసుకోవలసిన పని లేకపోయింది. నీ కాగితం వచ్చాక, దాన్ని ఈ పిల్ల తన మామ పేరు దగ్గర కూడా ఆగకుండా చదివాక, నా మీద నాకే రోత పుట్టింది. మీ మీద పుట్టిన రోత దాని ముందర ఎంత!

సోమవారం పొద్దున రసూల్ వెంట నేనూ స్టేషనుకు పోతాను. ఉలవలు నావి, చెయ్యి ఎత్తనిది నేను అని చెప్తాను. కేసు పెట్టదలుచుకుంటే నా మీద పెట్టమను. క్రాంతి కుమార్‌కు దెబ్బ తగిలినందుకు నాకు బాధగానే ఉందని చెప్పు. పొట్లాలు పారేసినందుకు ఆయనకు బాధ ఉందో లేదో అడిగి రాయి. నువ్వు కూడా సోమవారం రా. సైకిలు మీద వస్తావో కారులో వస్తావో నీ ఇష్టం, ఒంటి నిండా గుడ్డ కట్టుకొని రా. ముందు రసూల్ ఇంటికి పోయి, అన్న మాటకు ఆయన ముందర తల వంచు. ఆ తర్వాతే నా గడప తొక్కు.

అంతా అయ్యాక నఫీసా మొదటి నుంచి చదివి వినిపించింది. రసూల్ కేకేసిన చోట ఆగింది. “ఈ ముక్క తీసేద్దామా పెద్దమ్మా? ఇది లేకుంటే తెలీక చేసిందని ఇడిసిపెడతారు. ఉంటే నీకే చేటు” అంది. నా మీద మండిపడవలసిన పిల్ల, ఆ మాట అంది.

“అది తీసేస్తే మీ మామ ఆపమన్న సంగతి వాళ్ళకు ఎట్ల తెలుస్తాది? ఉండనీ” అన్నాను.

ఉంచింది.

ఇట్లు
ఈ కాగితానికి మాత్రం వేలిముద్ర వేస్తున్న
నీ అమ్మ ఈరక్క