రిజిస్టరులో ఉండి కోళ్లలో లేని టీకా

పశువైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కోడిపిల్లలకు వేసినట్లు రిజిస్టరులో మాత్రమే ఉన్న టీకాను మరల ఇప్పించుట గురించి.

రెండు షెడ్లలో కోళ్లు పెంచుకొను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. గత నెల తమ కాంపౌండరు గారు మా పిల్లలకు పారుడు రోగపు టీకా వేయ వచ్చిరి. సదరు టీకాలో ఉండునవి బలం తగ్గించిన బతికున్న క్రిములు. అవి బతికి పిల్లల కడుపులోకి చేరిననే ఫలితము. వారు ఆ సీసాను, ఉదయం షెడ్డు కడిగిన ఫినాయిలు స్ప్రేయరులోనే కలిపిరి. మా ఆవిడ, "అన్నయ్యగారూ, డబ్బా కాస్త కడగండి, కంపు కొడుతోంది" అన్నది. "కంపు కొడితేనే మందమ్మా" అని రెండు షెడ్లలోనూ పిల్లల మీద కొట్టేసిరి.

2. అంతటితో ఆగక, "ఇది నా తరఫున" అని తాగునీటిలో యాంటీబయాటిక్ పొడి కలిపిరి. ఫినాయిలును తప్పించుకొన్న క్రిమి ఏదైనా ఉన్నచో దాని పని అక్కడ పూర్తయినది. ఛీ, చంపడానికి కూడా ఇంత శ్రద్ధా!

3. మొదటి షెడ్డులో నాలుగు వందల పిల్లలు పోయినవి. తోకలకంటిన ఆ రొచ్చు, గంపలకెత్తిన ఆ కళేబరాలు చూచి అన్నం సహించుట లేదు. తమ కార్యాలయమునకు మూడుసార్లు వచ్చితిని. గుమాస్తా గారు పళ్లు కుట్టుకొనుచు రిజిస్టరు తిప్పి, "టీకా వేసినట్టుంది. వేసిన కోళ్లకి ఈ రోగం రాదు. మీవాటికొచ్చింది ఇంకేదో" అనిరి. కోళ్లకు చదువు రాదు గనుక రిజిస్టరు చూచుకొనలేదు. ఎవరికి చెప్పుకోవాలండీ?

4. రెండవ షెడ్డులోని ఆరు వందల పిల్లలు నేటికి బాగున్నవి. ఆ పొడి మానిపించి వారం దాటినది. కావున ఒక్క సీసా ఇప్పించ ప్రార్థన. మనిషిని పంపనక్కరలేదు. దండం పెడతాను, పంపకండి. మాకు మందు కలపని బావి నీళ్లున్నవి. పిల్లలను రెండు గంటలు దాహంతో ఉంచి, ఆ నీళ్లలో టీకా కలిపి మేమే తాగించుకొందుము.

ఆ ఆరు వందల ప్రాణముల కొరకైనా తాము చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రెండు షెడ్లలో ఒకటి మిగిలినవాడు

తా.క.: అర్జీ ఇద్దామని వచ్చి వరండాలో నిలబడితే, గుమాస్తా గారు చదివి ఇంకో కాగితం తెచ్చారు. టీకా సరిగ్గానే వేశారని, రోగం ముందే ఉందని, నేనే దాచానని అందులో ఉంది. "సంతకం పెట్టండి, సీసా ఇచ్చేస్తాం" అన్నారు. పెట్టేశాను. పైన నేను రాసిందే నిజం. మా ఆవిడకి ఏం మొహం పెట్టుకుని చెప్పను? నా మీద నాకే రోత పుడుతోంది. సీసా మాత్రం ఐసులో పెట్టి ఇప్పించండి, అదైనా బతికుండాలి.