గుట్ట మీది ఎర్ర రాయి

మంగళవారం, చిట్యాల. బట్టలు ఉతికాను, మిర్చి ఎండబెట్టాను, ఇల్లు అలికాను.

బోరు పాయింటు చూడటానికని మరిది ఒకాయనను తెచ్చాడు. ఆయన గుట్ట కింది మెట్ట చెలకను చూడనేలేదు. నేరుగా గుట్టెక్కి, బండలోని తెల్ల చారను సుత్తితో కొట్టాడు. అందులోంచి రాలిన ఎర్ర రాయిని గరుకు పెంకు మీద గీసి, "ఇంగిలీకం, కాగబెడితే పాదరసం వస్తది" అని మరిదితో మెల్లగా అన్నాడు. పక్కనే మెరిసేది కాటుకకు నూరే సుర్మా రాయట. నీళ్ల చెంబుతో వెనకే వెళ్లిన నాకు వినపడింది.

"నీళ్ల కోసం గుట్ట ఎందుకు ఎక్కిండు?" అన్నాను.

"జర చాయ్ పెట్టు వదినా" అన్నాడు మరిది.

సాయంత్రం మరిది మళ్లీ వచ్చాడు. "పంపకాలల్ల గుట్ట దిక్కు నాకియ్యున్రి, చెలక మీరు తీస్కోన్రి." పోయినేడు అన్నీ రాళ్లేనని ఆ గుట్టను వద్దన్నది ఇతనే.

అన్నం తిన్నాక, మరిది భార్య దగ్గర బదులు తెచ్చిన కందిపప్పు కొలిచి ఇచ్చేశాను. రేపు గుట్ట ఇవ్వం అనడానికి ఆ ఇంటికి నేనేమీ బాకీ లేను.