క్షవరం చేతులు, కాంగా వాసన

జూన్ 9, ఆదివారం

సాయంత్రం 5.40. రేపటి నుంచి కొత్త ఉద్యోగం. ఇరవై ఏడేళ్లు ప్లైవుడ్ మిల్లులో పనిచేశాను. మిల్లు మూతపడ్డాక, యాభై నాలుగేళ్ల వయసులో క్షవరం నేర్చుకున్నాను. షెరిల్ అనే ఆవిడ ఫకటానే పట్నంలో తన సెలూన్లో ఒక కుర్చీ ఇచ్చింది. రెండు వారాలు నా పని చూస్తుంది, నచ్చితే ఉంచుకుంటుంది.

చిక్కు ఒక్కటే. చేతులు కంపు కొడుతున్నాయి.

నిన్న కహు పెద్దమ్మ ఇంట్లో రోజంతా కాంగా ఒలిచాను. మొక్కజొన్న కండెల్ని గోనెసంచిలో కట్టి రెండు నెలలు వాగులో వదిలేస్తే కుళ్లి మెత్తబడతాయి. ఆ గింజలు ఒలిచి, తొక్క తీసి, చిదిమి, జావ కాచి, పైన మీగడ, పంచదార వేసుకుంటే నోటికి స్వర్గం. ముక్కుకు మాత్రం మూత తీసిన మురిక్కాలవ. తిన్న అరగంటకు నోరు మర్చిపోతుంది. చేతులు మర్చిపోవు.

తీర్మానం: ఈ రెండు వారాలూ కాంగా ముట్టను. రేపు తొమ్మిదికల్లా నావి పసిపాప చేతులు.

తెచ్చినవి: నిమ్మకాయలు ఆరు, వెనిగర్, వంటసోడా, గోళ్ల బ్రష్.

7.00. ఆరు నిమ్మకాయలూ అయిపోయాయి. పైన నిమ్మ వాసన, ఘుమఘుమ. అడుగున కాంగా.

జూన్ 10, సోమవారం

ఉదయం 6.15. కాఫీ పొడితో రుద్దాను.

6.40. స్టీలు గరిటె పట్టుకుని నీళ్ల కింద రుద్దితే ఎంతటి వాసనైనా పోతుందని రేడియోలో విన్నాను. ఇప్పుడు గరిటె కూడా కంపు కొడుతోంది.

9.12. మొదటి బేరం. బ్యాంకులో పనిచేసే పెద్దమనిషి. చెవుల దగ్గర కత్తిరిస్తుంటే రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, బయట డ్రైనేజీ పని జరుగుతోందా అని అడిగాడు. జరుగుతోందన్నాను. కొత్త ఉద్యోగంలో మొదటి అబద్ధానికి పన్నెండు నిమిషాలు పట్టింది.

3.30. షెరిల్ ఎవరికో ఫోన్ చేసినట్టుంది. ఇద్దరు మనుషులు వచ్చి, వీధిలో కాలవ మూత తీసి, లోపలికి తొంగిచూసి, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్లారు. నేను నేల ఊడుస్తూ ఉండిపోయాను.

జూన్ 12, బుధవారం

పిప్పరమెంటు నూనె పూసుకున్నాను. గడ్డం చేయించుకుంటున్న పెద్దాయనకు కళ్లవెంట ధారలు. ఎవరైనా పోయారా అని షెరిల్ ఆయన్ని పరామర్శించింది.

మధ్యాహ్నం నుంచి నల్ల గ్లౌజులు. ఒకాయన నాకేమైనా చర్మవ్యాధి ఉందా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లేచి వెళ్లిపోయాడు. సగం తల కత్తిరించి ఉంది. మిగతా సగం ఎవరు కత్తిరిస్తారో.

జూన్ 14, శుక్రవారం

వాసన సగం తగ్గింది. లేదా నా ముక్కు సగం చచ్చింది.

పెద్దమ్మ దగ్గర్నుంచి ఫోన్ లేదు. రోజూ చేసే మనిషి. మంచిదే అనుకున్నాను. అడిగితే కాదనలేను. అడగలేదు కాబట్టి నా తప్పేమీ లేదు. ఈ మాట ఇవాళ నాకు నేనే మూడుసార్లు చెప్పుకున్నాను.

జూన్ 15, శనివారం

11.00. నది అవతల ఉండే పావోరా బాబాయ్ జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. భార్య పోయి మూడేళ్లయింది. గుడ్డ కప్పి దువ్వెన పెట్టానో లేదో, కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఎవరి వాగురా?" అన్నాడు.

కహు పెద్దమ్మ వాళ్ల వాగని నెమ్మదిగా చెప్పాను.

"చేతులు కడుక్కున్నావా?"

"పదకొండుసార్లు బాబాయ్."

"అయితే కానీ," అన్నాడు. మా వాళ్లలో తల అంటే పవిత్రం. తిండి ముట్టిన చెయ్యి దానికి తగలకూడదు. అందుకే అడిగాడు. కత్తిరిస్తున్నంతసేపూ కళ్లు తెరవలేదు. తన భార్య పోయాక కాంగా నోట పెట్టలేదని, ఒక్కడి కోసం సంచి ఎవరు నానేస్తారని అన్నాడు. పని పది నిమిషాల్లో అయ్యేది. నేను అరగంట చేశాను.

జూన్ 16, ఆదివారం

ఉదయం 10.00. ఊరికే పెద్దమ్మని చూసి వద్దామని బయల్దేరాను. చేతులు జేబుల్లోనే ఉంచుకోవాలని నియమం.

పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని ఒక్కతే ఒలుస్తోంది. ఎనభై ఒక్కేళ్లు. వేళ్ల కణుపులు వాచి అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. చెంచాను రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని గీరుతోంది. ఒక్క కండెకు అయిదు నిమిషాలు. మతారికి అనే మా కొత్త ఏడాది పండక్కి నలభై మంది వస్తారు. పక్కన ఇంకా రెండు సంచులు.

కోపం వచ్చింది, నా మీద. అది ఆమె మీద చూపించాను. నన్ను పిలవడానికి నామోషీయా, నా చేతులకు వాసనొస్తుందని జాలిపడ్డావా అని అడిగాను.

పెద్దమ్మ చెంచా దించలేదు.

"వాసన గొడవ నాకెందుకురా హోహెపా. నువ్విప్పుడు జనం తలలు ముట్టుకునే మనిషివి. ఆ చేతుల్ని తీసుకొచ్చి నా తిండి సంచిలో ఎలా పెట్టమంటాను?"

వారం రోజులుగా నేను దాక్కుంటున్నాననుకున్నాను. ఆమె నా పనిని గౌరవిస్తూ కూర్చుంది.

10.20. చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. ఇవాళ ఏ తలా ముట్టలేదని చెప్పి, కుళాయి కింద కడుక్కుని కూర్చున్నాను.

3.45. ఒక సంచి పూర్తి. మోచేతుల దాకా వాసన. తీర్మానం అక్షరాలా వాగులో కలిసింది.

జూన్ 17, సోమవారం

పద్నాలుగుసార్లు కడిగాను. 9.30కి ఒకావిడ షెరిల్ చెవిలో ఏదో చెప్పి, రంగు వేయించుకోకుండానే వెళ్లిపోయింది. 9.50కి ఇంకొకావిడ.

10.00. షెరిల్ నన్ను వెనక గదిలోకి పిలిచింది. మొత్తం చెప్పేశాను. కాంగా, పెద్దమ్మ, డ్రైనేజీ. డ్రైనేజీ మాట దగ్గరికొచ్చేసరికి ఆమె కుర్చీలో కూలబడింది.

ఇక పంపించేస్తుందనుకున్నాను. చేతి పని బాగుందని, మళ్లీ మొదటి నుంచి రెండు వారాలు చూస్తానని, వచ్చే సోమవారం శుభ్రమైన చేతులతో రమ్మని అంది. అప్పటిదాకా తువ్వాళ్లు మడతపెట్టాలి.

4.00. తువ్వాళ్లు రెండోసారి ఉతికారు.

జూన్ 20, గురువారం

నిన్న పావోరా బాబాయ్ ఊరికే కూర్చుందామని వచ్చి, నన్ను తువ్వాళ్ల దగ్గర చూసి సంగతేమిటన్నాడు. చెప్పాను. తనకు చేతులున్నాయి, చెయ్యడానికి పనే లేదన్నాడు. ఇవాళ పొద్దున్నే పెద్దమ్మ ఇంటికి వెళ్లాడట. సాయంత్రం పెద్దమ్మ ఫోన్ చేసింది, పది రోజుల తర్వాత. ఆయన నాకంటే శుభ్రంగా ఒలుస్తాడట. ఒక్క తొక్క కూడా ఉండదట. ఈ మాట రెండుసార్లు చెప్పింది.

మంచిదే. నాకిక అడ్డేముంది?

జూన్ 22, శనివారం

5.00. షెరిల్ నా అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని పరీక్షించింది. ముందు, వెనక, గోళ్లు. ఏ వాసనా లేదంది. సోమవారం నుంచి కుర్చీ నాదే.

సాధించాను. రెండో ప్రయత్నంలో సాధించినా సాధించినట్టే.

జూన్ 23, ఆదివారం

11.00. పెద్దమ్మకు మీగడ డబ్బాలిచ్చి వెంటనే వచ్చేద్దామని వెళ్లాను. గేటు దగ్గరే నవ్వు వినిపించింది. పెద్దమ్మ నవ్వు. మా అమ్మ పోయాక రెండేళ్లుగా అంత గట్టిగా నవ్వడం విన్లేదు. పావోరా బాబాయ్ కుర్రతనంలో చేసిన ఏదో వెధవపని చెబుతున్నాడు. ఇద్దరి మధ్య ఆఖరి సంచి. సగం పైగా అయిపోయింది. సాయం అక్కర్లేదు. ఎవరూ పిలవలేదు.

మీగడ గట్టు మీద పెట్టాను. బకెట్ బోర్లించి కూర్చున్నాను.

పెద్దమ్మ నా చేతులకేసి చూసి, "వద్దురా," అంది.

"ఒక్క కండె," అన్నాను.

పావోరా బాబాయ్ కొంచెం పక్కకు జరిగాడు.

2.30. ముప్ఫై ఒక్క కండెలు. ఆయన ఒలిచినవాటిలో తొక్కలున్నాయి. లెక్కపెట్టాను. మూడు.

జూన్ 24, సోమవారం

8.50. షెరిల్ తలుపు తీస్తూనే ఒక అడుగు వెనక్కి వేసింది. ఈసారి పెద్దావిడ ఒక్కతే అవస్థ పడుతోందా అని అడిగింది. లేదన్నాను. ఎవరైనా బలవంతం చేశారా అంది. లేదన్నాను. మరెందుకు ముట్టుకున్నారని అడిగింది. దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చాను. మంచి కారణం ఒక్కటీ దొరకలేదు.

"వాళ్లు నవ్వుకుంటున్నారండీ," అన్నాను.

షెరిల్ తువ్వాళ్ల బుట్ట చూపించింది.

9.05. తీర్మానం: ఇవాళ్టి నుంచి కాంగా ముట్టను. శుక్రవారం మతారికి పండగ. జావ చెంచాతో తింటాను. చెంచా ముట్టుకోవడం కాంగా ముట్టుకోవడం కాదు.

ఒకటో రోజు.