మా ఎర్రపట్టీ సిలిండర్, తమ గదిలో చల్లదనం

కోరేఘాట్ తాలూకా సరఫరాల అధికారి సాహేబ్ గారి సముఖమునకు, హిమకణ్ ఏసీ సర్వీసు యజమాని దేవీదాస్ నత్థూజీ ఖాపేకర్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: జప్తు చేసిన నా సిలిండర్, గ్యాస్ లాగే మిషన్ విడుదల కోరుట, అంతకంటే ముందు తమ ఏసీ నన్ను ఆపనివ్వమని వేడుకొనుట.

తమ ఆఫీసు బయట శేవంతా మావశీ టీ బండి దగ్గర కూర్చుని ఫోన్‌లో కొడుతున్నా, తప్పులుంటే మన్నించాలి. లోపలికొచ్చి నోటితోనే చెబుదామనుకున్నా. గుమాస్తా ఠవకర్ భావూ ఏదైనా రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఇస్తున్నా.

1. పన్నెండు రోజుల కిందట తమరు మా వీధికి తనిఖీకి దయచేసి, నా షాపులో సిలిండర్ చూసి, వంటగ్యాస్ దొంగతనంగా నింపి అమ్ముతున్నానని నిర్ధారించడమైనది. అది రిపేరుకొచ్చిన ఏసీల్లోంచి తీసిన గ్యాస్ సాహేబ్. దాన్ని గాల్లోకి వదలకూడదు, మిషన్‌తో లాగి సిలిండర్‌లో పట్టాలి, శిక్షణలో నేర్పింది అదే. పక్క షాపు బండూ నేర్చుకోలేదు. పైపు విప్పి వీధిలోకి బుస్సుమని వదిలేస్తాడు. కనుక అతని షాపులో ఏమీ దొరకలేదు, తమ నివేదికలో "సక్రమం" అని పడింది. వదిలినవాడు సక్రమం, పట్టినవాడు దొంగ. బాగుంది.

2. నా తూకం మిషన్‌ని కూడా అమ్మకానికి సాక్ష్యమన్నారు. సిలిండర్ మరీ నిండితే ఎండకి పగులుతుంది, అందుకని తూస్తాం. సరే, అదీ తమ స్టోరులో విశ్రాంతి తీసుకోనివ్వండి.

3. ఎర్రపట్టీ ఎందుకని అడిగారు. మండే గ్యాస్ సాహేబ్, కొత్తరకం ఏసీల్లోది అని చెప్పా. "రంగులేసి మమ్మల్ని భయపెట్టకు" అన్నారు. తమరు భయపడలేదు. ఇప్పుడు నా భయమంతా అదే.

4. ఇవాళ వాయిదాకి వచ్చా. మావశీ టీ ఇస్తూ, "మీ సాహేబ్ గది చిఖల్‌దరా కొండెక్కినట్టు చల్లగా ఉంది దేవా. నిన్న పొద్దుపోయాక బండూ వచ్చి గ్యాస్ కొట్టిపోయాడు" అంది.

సిలిండర్ తెచ్చుకున్నాడా అన్నా.

"ఎందుకు తెచ్చుకుంటాడు? స్టోరులో నీ ఎర్రపట్టీది ఉందిగా. ఠవకరే తాళం తీశాడు."

అనగా నా నేరమునకు సంబంధించిన సాక్ష్యము ప్రస్తుతము తమ నెత్తిమీద తిరుగుచున్నది.

5. తమ ఏసీ పాతరకం. మండే గ్యాస్ కోసం చేసింది కాదు, లోపల స్విచ్చులు నిప్పురవ్వలు రాలుస్తాయి. పైగా పైపు కారుతోంది. ముందు అది అతకాలని పోయిన ఎండాకాలమే తమ రిజిస్టర్‌లో రాశా. బండూ చిల్లులు అతకడు, నింపుతాడంతే. ఈ గ్యాస్ చల్లగా పనిచేస్తుంది, వాసన రాదు, కారి నేలమీద పేరుకుంటుంది. అంటే తమ టేబుల్ కింద. సరిగ్గా నాలుగింటికి ప్యూన్ రాముజీ అగ్గిపుల్ల గీసి, దోమల చక్రం వెలిగించి పెట్టేదీ అక్కడే. ఇప్పుడు మూడూ ఇరవై.

6. తలుపన్నా తియ్యమని ఠవకర్ భావూని బతిమాలా. "మూడేళ్లకి సాహేబ్ చల్లగా కూర్చున్నారు, చెడగొట్టకు" అన్నారు. చల్లదనం పోకుండా తలుపు కింద గోనెసంచి కూడా కుక్కి ఉంది. ఇంత శ్రద్ధ ఈ ఆఫీసులో దేనిమీదా చూళ్లేదు.

మావశీ మాత్రం నా మాట మీద అప్పుడే స్టవ్ ఆర్పేసింది. రాతపూర్వకంగా అడగలేదు.

కావున సాహేబ్, రిమోట్ ముట్టుకోవద్దు. గదిలో ఏ స్విచ్చూ వద్దు. అగ్గిపుల్ల అసలే వద్దు. తలుపు బార్లా తీసి బయటికి రండి, వరండాలో కరెంటు మెయిన్ నేను తీస్తా. నామీద కోపముంటే బయటికొచ్చి తిట్టండి, వింటా.

పై సంగతులు చిత్తగించవలెను. చిత్తగించడం కూడా బయటికొచ్చాకే.

తమ కిటికీ అవతల నిలబడ్డ విధేయుడు,
దేవీదాస్ ఖాపేకర్

తా.క. ఈ అర్జీ రేపటి టపాలో పెడతానని ఠవకర్ భావూ సెలవిచ్చారు. అందుకే ఫోన్ తమ కిటికీ అద్దానికి ఆనిస్తున్నా. ఆ గ్యాస్ వెనక్కి లాగేస్తా సాహేబ్, గంట పని. దానికి నా మిషన్, నా సిలిండర్ కావాలి. అవి తమ స్టోరులో ఉన్నాయి. విడుదలకి తమ సంతకం కావాలి. తమరేమో లోపల్నుంచి నవ్వుతూ నాకు చెయ్యి ఊపుతున్నారు. ఊపింది చాలు, పెన్ను పట్టుకుని బయటికి రండి.