పక్కతెర మీది మాటలు

అలెగ్జాండ్రియా, మార్చి 3, 1999

ప్రియమైన గీలాన్‌కి,

కైరో చదువు నీకు ఫోను చేయడం ఒక్కటే నేర్పినట్టుంది. ఉత్తరం రాయడం నేను నేర్పుతాను. మీ సినిమా క్లబ్బువాళ్లు "ఒక ప్రేక్షకురాలు, పది చిత్రాలు" అనే వారానికి నా జాబితా అడిగారన్నావు కదా. రెండు నుంచి పది దాకా వెనక పేజీలో రాశాను. ఎంత ఏడ్చినా కాటుక చెదరని కథానాయికలున్న చిత్రాలన్నీ కొట్టేశాను. అందుకే పది పోగుచేయడానికి పదిహేను రోజులు పట్టింది.

మొదటిదాని పేరు నాకు తెలియదు. ఇటలీ చిత్రం. పద్దెనిమిదో ఏట మా వీధి చివరి వేసవి సినిమాలో, ఆరుబయట చూశాను. ఒక ఉప్పు వ్యాపారి భార్య చేతిలో పెట్టెతో గుమ్మం ముందు నిలబడి మొగుడితో అంటుంది: "ఇక నీ వంట నేను చేయను. నా పెట్టె నేనే మోసుకుంటాను. ఏ రేవులో దించినా బతకగలను." ఆ చిత్రం చూసిన వారమే మా పెదనాన్న కొడుకు షౌకత్ తొడిగిన నిశ్చితార్థపు ఉంగరం వెనక్కి పంపేసి విశ్వవిద్యాలయంలో చేరాను. అది మొదటి స్థానంలోనే ఉండాలి. వెతుకు.

మీ అమ్మను కన్న నేరానికి నీ తేతా,
ఇన్షిరాహ్

కైరో, మార్చి 17

ప్రియమైన తేతాకి,

దొరికింది! ఒక పాత పంపిణీదారు గోదాములో ప్రింటు ఉంది. మా క్లబ్బు అధ్యక్షుడు ఉస్తాద్ వగ్దీ, నేను కలిసి చూశాం. ఉప్పు వ్యాపారి, గుమ్మం, పెట్టె, రాయిలాంటి ఆమె మొహం, అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయి.

కోప్పడకు. ఆ మాటలు మాత్రం లేవు. ఆమె అనేది ఇదీ: "తప్పంతా నాదే. నన్ను లోపలికి రానివ్వు. నువ్వు ఎలా ఉండమంటే అలా ఉంటాను." తలుపు తెరుచుకోకముందే చిత్రం అయిపోతుంది. ఇటాలియన్ వచ్చినావిడను పిలిపించి రెండుసార్లు వినిపించాం. నీకు జ్ఞాపకం తడబడి ఉంటుందని, దాన్ని తీసేసి మరొకటి చెప్పమని వగ్దీగారు అంటున్నారు. పోనీ ఏడో స్థానంలో పెడదామా?

నీ బుగ్గలకు ముద్దులతో,
గీలాన్

అలెగ్జాండ్రియా, మార్చి 21

ప్రియమైన, కానీ ఈ వారం కాస్త తక్కువ ప్రియమైన గీలాన్‌కి,

ముప్ఫై ఏళ్లు ఆడపిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. జ్ఞాపకం తడబడటానికి నాకు తీరిక లేదు. ఏడో స్థానమట! ఈ బేరాలు చేపల బజారులో పెట్టుకో. మొదటిది తీసేస్తే మిగతా తొమ్మిదీ తీసేయండి.

ఆ మాటలు నా కళ్లతో చదివాను. అప్పట్లో విదేశీ బొమ్మ మీద అరబీ అక్షరాలు ఉండేవి కావు. పెద్దతెర పక్కన ఒక చిన్నతెర, దాని మీదికి వేరే రీలు. ఆ రీలును హనఫీ అనేవాడు పుచ్చగింజలు నములుతూ చేత్తో తిప్పేవాడు. గింజ పంట్లో ఇరుక్కుంటే అక్షరాలు ఆగిపోయేవి. "ఒరేయ్ హనఫీ, ప్రియుడు చచ్చి పది నిమిషాలైంది, ఇంకా ముద్దడుగుతున్నాడేంట్రా!" అని జనం కేకలు. కానీ ఆ రోజు మాటలు ఎక్కడా ఆగలేదు. ఆమె పెదవులకు అతికినట్టున్నాయి.

మారని మనసుతో,
తేతా

కైరో, మార్చి 29

ప్రియమైన తేతాకి,

నీ ఉత్తరం వగ్దీగారికి చదివి వినిపిస్తే హనఫీ గురించి రాసిన చోట పగలబడి నవ్వారు. తర్వాత ఏదో తట్టినట్టు లేచి మళ్లీ గోదాముకు పరిగెత్తారు. ఆ వేసవిలో అదే పంపిణీదారు ఓడ మీద జరిగే ఒక హాస్యచిత్రం కూడా ఆడించాడట. దాని అరబీ రీలు ఇంకా ఉంది. చదివాం. నీ మాటలు అక్షరం పొల్లుపోకుండా అందులో ఉన్నాయి. కెప్టెన్‌తో గొడవపడి పని మానేస్తూ, మీసాల వంటవాడు అంటాడు!

హనఫీ చివరి అరబీ రీలు మార్చి పెట్టాడు, తేతా. నవ్వాను, ఆ వెనకే ఏడుపొచ్చింది. అతను పొరపాటు చేయకపోతే నువ్వు షౌకత్‌గారి భార్యవి. అమ్మ లేదు, నేనూ లేను. ఒక వంటవాడి రాజీనామా నమ్ముకుని నువ్వు జీవితం కట్టుకున్నావా? "ఆవిడ మెచ్చిన సినిమా అసలు లేనే లేదమ్మా. లేనిదాన్ని తెర మీద ఎలా వేస్తాం?" అంటున్నారు వగ్దీగారు. వచ్చే వారం గురువారం కార్యక్రమ పత్రం అచ్చుకు వెళ్తుంది. ఏం చేయమంటావు?

నీ గీలాన్

అలెగ్జాండ్రియా, ఏప్రిల్ 2

ప్రియమైన గీలాన్‌కి,

ముందు మొహం కడుక్కో. వంటవాడి సంగతి విని నాకు సంతోషమే కలిగింది. మీసాలవాడి మాటలు ఆడదాని మొహానికి అంత బాగా అమిరాయంటే, రాసినవాడికి పని తెలుసు.

మీ తాతకు కూడా చెప్పనిది ఒకటి నీకు చెబుతాను. ఆ మాటలు మళ్లీ చదవాలనిపించి మరునాడు సాయంత్రం మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆ రోజు హనఫీ సరైన రీలే పెట్టాడు. "తప్పంతా నాదే, ఎలా ఉండమంటే అలా ఉంటాను." ప్రతి అక్షరం చదివాను. అదే మొహం, అదే గుమ్మం. ముందు వరస ఆడవాళ్లు ముక్కులు చీదారు. మా అమ్మ నన్ను మోచేత్తో పొడిచి "చూశావా, మొగుణ్ని ఎలా నిలుపుకోవాలో!" అంది.

షౌకత్‌కు ఉంగరం పంపింది ఆ తర్వాతి రోజు పొద్దున. హనఫీ నన్ను మోసం చేయలేదు, గీలాన్. ఒకే ఆడమనిషికి రెండు జవాబులు తెచ్చి నా ముందు పెట్టాడు. రెండూ తెలిసే నేను ఒకటి తీసుకున్నాను. మీరంతా పొరపాటు వల్ల పుట్టారనుకోకు, మన ఇంట్లో పొరపాటున పుట్టింది మీ అమ్మ వంట ఒక్కటే.

వగ్దీగారికి చెప్పు: నేను మెచ్చిన సినిమా ఉంది, దాన్ని నేనే వేసి చూపిస్తాను. ఆ ప్రింటు మీద అరబీ అక్షరాలు ఎలాగూ లేవు. బొమ్మ మీరు రెండుసార్లు వేయండి, మాటలు నేను చదువుతాను. మొదటిసారి ఆమెవి, రెండోసారి నావి. ఏది మొహానికి అతుకుతుందో మీ పిల్లలే తేల్చుకుంటారు. పత్రంలో ఒకటో అంకె పక్కన అలాగే అచ్చువేయించు.

వచ్చే శుక్రవారం పొద్దుటి రైలుకు వస్తున్నాను. తెర పక్కన నాకు కుర్చీ వేయొద్దు. నిలబడే చదువుతాను.

నీ తేతా,
ఇన్షిరాహ్