దాటమనే మాట

ఖమీస్ ముషైత్

అమ్మకు, నీ ఏంజెల్ బోలెడు ముద్దులతో,

ఫోన్లో చెప్పబోతే నోరు పెగలడం లేదు. అందుకే సెలవు మీద వస్తున్న మా వార్డు నర్సు సాబేరా చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

యానాంలో ఫ్రెంచివాళ్ళు మెరక నేలంతా దుబాసీ పని చేసిన పెద్దింటికి రాసిచ్చి, ఏటి పల్లం మన పడవవాళ్ళకు వదిలారు. దొరలు పోయినా వాళ్ళ హద్దురాయి పోలేదు. మన శవాలన్నీ ఆ రాయి దగ్గర దించాల్సిందే, పెద్దింటివాళ్ళు "దాటండి" అంటేనే శ్మశానానికి దారి. నాన్న పోయిన రోజు ఆ ఇంటికి తాళం. నాకా ఈ దేశం విడిచి రావడానికి ఎగ్జిట్ అనుమతి దొరకలేదు. ఆ ఇంటి ఆఖరి మనిషి శాంసన్‌గారు మా ఆసుపత్రి ఆఫీసులోనే పనిచేసేవారు కదా, వీడియో కాల్‌తో ఆయన దగ్గరికి పరిగెత్తాను. వానలో తడుస్తున్న నాన్నను చూపించి, "ఒక్క మాట అనండి బాబుగారూ" అని బతిమాలాను. "డ్యూటీలో ఉన్నానమ్మా" అని మొహం తిప్పేసుకున్నారు. కడుపు మండిపోయి ఫోన్ కట్టేశాను. తరవాత ఏమైందో నిన్ను అడిగే ధైర్యం లేకపోయింది.

నిన్న పట్టపగలు శాంసన్‌గారు మా వార్డులోనే గుండె ఆగి పోయారు. మార్చురీ గుమ్మం దగ్గర ట్రాలీ ఆగిపోయింది. అడ్డం ఏమీ లేదు. సాబేరా, నేను కలిసి తోసినా కదల్లేదు. కప్పిన దుప్పటి అంచు నుంచి నీళ్ళు కారాయమ్మా, మన ఏటి వాసన!

"ఎవరో చెప్తేగానీ కదలనట్టుందే," అంది సాబేరా.

"దాటండి" అనే మాట నా నాలుక మీదకు వచ్చింది. అనలేదు. చివరికి మగవాళ్ళు చేతుల మీద మోశారు. ఇవాళ పొద్దున నా గది బయట తడి పాదాల గుర్తులు కనిపించాయి. గడప దాకా వచ్చి ఆగాయి. అనమంటావా, వద్దంటావా?

నీ ఏంజెల్

*

యానాం

బంగారు తల్లీ ఏంజెల్,

సాబేరా ఉత్తరం ఇచ్చింది. ఆ రోజు నువ్వు ఫోన్ కట్టేశాక మనవాళ్ళు సాయంత్రం దాకా వానలో నిలబడ్డారు. ఇక ఓపలేక నేనే "దాటండి" అన్నాను. ఆ గొంతు నాది కాదేమో అనిపించింది. దాటారు. మర్నాడు మన మగవాళ్ళు ఆ రాయిని పీకి ఏట్లో పడేశారు. దాటాక మీ నాన్న ఇంకెక్కడా ఆగలేదు, బెంగపడకు.

నిన్న శాంసన్‌గారి శవం వచ్చింది. రాయి లేకపోయినా మోసేవాళ్ళ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వాళ్ళ దూరపు చుట్టాలు మన గుమ్మం ముందు చెప్పులు విడిచి, "మీరు అనాలమ్మా" అన్నారు. లేవలేదు నేను. కావాలనే కాసేపు కూర్చున్నాను. నాకు ఎంత హాయిగా ఉందో తెలిసి, నన్ను చూసి నాకే భయమేసింది. అనేశాను.

నీ గడప దగ్గర ఆగిన ఆ పాదాలకు నువ్వూ అనెయ్యి తల్లీ. ఆ మాట ఇంకొంచెం దాచుకుంటే మనమే పెద్దిల్లు అవుతాం.

అమ్మ,
రత్నమణి